కొండపల్లి బొమ్మకు కర్ర ఎక్కడిది?

మా తండ్రిగారు వడ్రంగి. చెక్కముక్కను చేతిలోకి తీసుకొని, వ్రేలితో తట్టి, వాసన చూచి అది ఏ చెట్టుదో చెప్పేవారు. దూలమునకు మద్ది, బండి చక్రమునకు తుమ్మ, గుమ్మమునకు వేప, కలిగినవారి తలుపులకు టేకు. బడి లేని రోజున ఆయన ప్రక్కన కూర్చొని, చిత్రిక పట్టగా రాలిన పొట్టును గోనెసంచికి ఎత్తడము నా పని.

ఆ రోజులలో ఎవరో బంధువులు విజయవాడ నుండి ఒక కొండపల్లి బొమ్మ తెచ్చి ఇచ్చారు. తాటిచెట్టు ఎక్కుతున్న కల్లుగీత మనిషి బొమ్మ. అది నా చేతిలోనుండి జారి పడి, ఆ మనిషి చెయ్యి ఊడింది. నాన్నగారు విరిగిన చోట గోటితో గిచ్చి చూచి, "ఇది పొణికి రా. ఇదీ ఒక కర్రేనా? దీనితో పీట కూడా చెయ్యలేము" అన్నారు. అన్నారే గాని, ఆ చెయ్యి అతికించడానికి ఒక సాయంత్రమంతా తంటాలు పడ్డారు. సన్నని మేకు కొడితే చెక్క నలిగిపోయింది. వజ్రము కాచి పెడితే చెయ్యి నిలిచింది గాని రంగు పాడైంది. ముప్ఫై ఏండ్ల అనుభవము గల వడ్రంగి ఒక బొమ్మ చేతి దగ్గర ఓడిపోవడము చూచి నాకు నవ్వు వచ్చింది. ఆయనకు రాలేదు.

ఆ పొణికిని నేను మరల తలచుకొన్నది 2018లో. మా సంఘములో ప్రతి క్రిస్మసుకు పశువుల పాక కడతాము. అందులో పెట్టే అట్ట బొమ్మలు ఎలుకల పాలయ్యాయి. ఈసారి చెక్కతో చేయించి పది కాలాలపాటు ఉండేలా చూద్దామని స్త్రీల సమాజమువారు పిడికెడు బియ్యము అమ్మగా వచ్చిన సొమ్ము నా చేతిలో పెట్టారు. ఆ పని మీద సెప్టెంబరులో కొండపల్లి వెళ్ళాను.

కొండపల్లి విజయవాడకు దగ్గరే. ఖమ్మము వైపు వెళ్ళే రైలు ఆగుతుంది. అప్పుడది కృష్ణా జిల్లా, 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లా. ఒక ప్రక్క ఇబ్రహీంపట్నము థర్మల్ కేంద్రపు పొగగొట్టాలు, ఇంకొక ప్రక్క రెడ్డిరాజుల నాటి కోట ఉన్న కొండలు. కోట 14వ శతాబ్దము నాటిది. బొమ్మలు చేసేవారు తమ పెద్దలు ఎప్పుడో రాజస్థాన్ ప్రాంతము నుండి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారని చెప్పుకొంటారు. వారు ఇక్కడనే ఎందుకు నిలిచిపోయారో నాకు ఆ కొండలను చూచిన తరువాత అర్థమైంది. వారికి కావలసిన చెట్టు ఆ కొండల మీద ఉన్నది.

బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన వసారాలో కూర్చొని పని చేస్తున్నారు. నేను ఎవరినో, ఎందుకు వచ్చానో చెప్పాను. ఆయన ప్రక్కన ఉన్న దుంగ ఒకటి చూపించి, "దాన్ని ఇటు అందుకోండి అయ్యగారూ" అన్నారు. తొడ లావు దుంగ, మూరెడు పొడవు. వడ్రంగి కొడుకును గదా, బరువు అంచనా వేసుకొని రెండు చేతులతో గట్టిగా ఎత్తాను. ఎత్తిన ఊపుకు వెనుకకు తూలాను. అంత లావు టేకు దుంగకు ఉండే బరువులో సగము కూడా లేదు! ఆయన నవ్వారు. కొత్తగా వచ్చిన వారందరికీ ఆ పరీక్ష పెడతారని తరువాత తెలిసింది.

పొణికి చెక్క తెల్లగా, నునుపుగా ఉంటుంది. ఉలి పెడితే వెన్నలాగా తెగుతుంది. పొర వెంబడి చీలకుండా ఎటు కోస్తే అటు తెగడము దానిలోని గొప్ప గుణము. మద్ది, తుమ్మ వంటి కర్రలకు ఒక మొండితనము ఉంటుంది, ఉలిని తమ పొర వెంబడి లాక్కొనిపోతాయి. కోడి ముక్కు, ఎద్దు చెవి, రోకలి పట్టిన ఆడమనిషి వ్రేళ్ళు అంత సన్నగా చెక్కాలంటే అట్టి కర్రతో కుదరదు. "మరి బూరుగు కూడా మెత్తనిదే గదా మేస్త్రీ గారూ?" అని అడిగాను. బూరుగుకు అంచు నిలవదని, త్వరగా పురుగు పడుతుందని చెప్పారు. నాన్నగారు కూడా బూరుగును అగ్గిపెట్టెలకు తప్ప దేనికీ ఒప్పుకొనేవారు కాదు.

పచ్చి పొణికిలో నీరు ఎక్కువ. ఆ నీరు పోకుండా చెక్కితే బొమ్మ తరువాత పగులుతుంది, వంకర పోతుంది. కాబట్టి కోసిన ముక్కలను రంపపు పొట్టు రగిల్చిన సన్నని సెగ మీద నెమ్మదిగా ఆరబెడతారు. మంట రాకూడదు, పొగ, వేడి మాత్రమే తగలాలి. ఆ తరువాత బాడిసతో పైపైన రూపము తీసి, ఉలితో ముఖము, మడతలు చెక్కి, ఆకురాయితో నునుపు చేస్తారు. మొండెము, తల, చేతులు వేరువేరుగా చెక్కడము ఇక్కడి పద్ధతి. ఎద్దులబండి బొమ్మ అయితే ఎద్దులు వేరు, చక్రాలు వేరు, తోలేవాడు వేరు.

వాటిని అతికించేది మక్కు. చింతగింజల పిండిని ఉడికించి, అదే పొణికి రంపపు పొట్టును అందులో కలిపి ముద్ద చేస్తారు. ఒక మేకు లేదు, వజ్రము లేదు. అతుకు పడిన చోట ఆ ముద్దతోనే ఎత్తుపల్లాలు సరిచేస్తారు. "ఏ కర్ర బొమ్మో ఆ కర్ర పొట్టే వెయ్యాలండి. వానకు కర్ర ఉబ్బితే అతుకూ దానితోపాటే ఉబ్బుద్ది, ఎండకు తగ్గితే తగ్గుద్ది" అన్నారు ఆయన. నాకు వెంటనే మా ఇంటి గీతమనిషి చెయ్యి గుర్తు వచ్చింది. నాన్నగారు బ్రతికి ఉంటే ఆ ఒక్క మాట ఆయనతో చెప్పడానికి అదే రోజున ఊరికి వెళ్ళేవాడిని.

అతుకులు ఆరిన తరువాత సున్నము పూత. దాని మీద రంగులు. రంగుల పని ఎక్కువగా ఇంటి ఆడవారిది. మేక వెంట్రుకల కుంచెతో ఆ ఇంటి కోడలు ఒక వరుసలో పెట్టిన ఇరవై ముఖాలకు కనుబొమలు దిద్దుతున్నది. కుంచె ఒకసారి ఆనించి తీస్తే ఒక కనుబొమ. ఆమె ఒడిలో పిల్లవాడు నిద్రపోతున్నాడు.

కొండపల్లి అనగానే దశావతారాలు, సంక్రాంతి బొమ్మల కొలువు అని మనము అనుకొంటాము. అవి చేస్తారు, ఏనుగు అంబారీ చేస్తారు. అయితే నా కన్ను ఎక్కువసేపు నిలిచింది పల్లెటూరి బొమ్మల మీదనే. ధాన్యము దంచే ఆడవారు, కుండలు చేసే కుమ్మరి, తాటిచెట్టు, దాని క్రింద కల్లు ముంత. మన పల్లెలలో రోలు, రోకలి, ఎద్దులబండి కనుమరుగవుతున్నాయి. ఆ బొమ్మలలో అవి ఇంకా పని చేస్తున్నాయి.

మా పాకకు కావలసినవి చెప్పాను. మరియ, యోసేపు, తొట్టిలో శిశువు, ఇద్దరు కాపరులు, నాలుగు గొర్రెలు, ఒక గాడిద, ముగ్గురు జ్ఞానులు. (జ్ఞానులు ముగ్గురని బైబిలులో లేదు. అయినా సంఘములో ఆ మాట ఎత్తితే క్రిస్మసు అయ్యేదాకా చర్చ నడుస్తుందని ఊరుకొన్నాను.) ఆయన ఒప్పుకొన్నారు. బయానా తీసుకొని, "నవంబరు ఆఖరుకు ఇస్తానండి, కర్ర వస్తే" అన్నారు. ఆ చివరి మాటను నేను పట్టించుకోలేదు.

నవంబరు ఆఖరున ఫోను చేశాను. "కర్ర రాలేదండి అయ్యగారూ." డిసెంబరు పదిన చేశాను. "కొంచెము వచ్చింది, చూస్తానండి." నాకు కోపము వచ్చింది, దాచుకోను. స్త్రీల సమాజమువారికి ఏమి ముఖము చూపించాలి? డబ్బు తీసుకొని సాకులు చెబుతున్నాడనుకొన్నాను. ఇరవై నాలుగవ తేదీ మధ్యాహ్నము ఆయన కుమారుడు బస్సులో వచ్చి ఒక అట్టపెట్టె ఇచ్చి వెళ్ళాడు. మరియ, యోసేపు, శిశువు, ఒక కాపరి, రెండు గొర్రెలు, గాడిద. మిగిలినవి లేవు. బయానా పోగా ఇవ్వవలసిన దానిలో చేసిన వాటికే లెక్క కట్టుకొన్నారు, ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.

జ్ఞానులు ఏప్రిలులో వచ్చారు. మా సంఘపెద్ద ఒకాయన, "అసలు జ్ఞానులు కూడా పుట్టిన రాత్రికే రాలేదు గదండీ, దారి దూరము" అన్నారు. అందరము నవ్వుకొన్నాము. నేను మాత్రము ఆ పెద్దాయనను అనుమానించినందుకు సిగ్గుపడి, మిగిలిన డబ్బు నేనే స్వయముగా తీసుకొని వెళ్ళాను.

కొండ మీద చెట్టు

ఆ రోజున ఆయన పని ఆపి నాతో చాలాసేపు మాట్లాడారు. కర్ర ఎందుకు రాదు? ఆ కొండలు రిజర్వు అడవి. ఎవరికి వారు గొడ్డలి పట్టుకొని వెళ్ళి నరుక్కోవడానికి వీలు లేదు, ఉండకూడదు కూడా. అయితే అనుమతితో వచ్చేది ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తెలియదు. ఆయన తాతగారి కాలములో ఊరి వెనుక కనిపించిన చెట్టు కోసము ఇప్పుడు లోపలికి చాలా దూరము పోవలసి వస్తున్నది. చేతిలో పని ఉన్నది, అడిగేవారు ఉన్నారు, కర్ర లేదు. "మా పిల్లలు ఈ పని వదిలేశారంటే బద్ధకము కాదండి. నెలలో పది రోజులు ఖాళీగా కూర్చునే పనిలో ఎవరుంటారు?" అన్నారు.

ఈ చెట్టు సంగతి తెలుసుకోవలసినదే. తెల్ల పొణికి ఆముదపు కుటుంబానికి చెందినది. దక్షిణ భారతదేశములోని ఎండు అడవులలోను, శ్రీలంకలోను ఉన్నది. రాళ్ళ కొండ వాలులలో పెరుగుతుంది. ఆకు వెడల్పుగా, క్రింది ప్రక్క తెల్లని నూగుతో ఉంటుంది. ఎండలకు ఆకు రాలుస్తుంది. పొలములోను, గట్ల మీద దీనిని పెంచే అలవాటు మన పల్లెలలో లేదు. ఎందుకు పెంచుతారు? దూలానికి రాదు, నాగలికి రాదు, పండు తినేది కాదు. మన పెద్దలు మామిడి నాటారు, చింత నాటారు, వేప నాటారు. పొణికిని మాత్రము కొండ ఇచ్చినంతకాలము తెచ్చుకొన్నారు.

పోనీ, నాటుదామంటే అదీ సులభము కాదు. గింజ పెంకు చాలా గట్టిది, మొలక శాతము తక్కువ. ఇంకొక చిక్కు కూడా ఉన్నది. తాటిలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే పొణికిలో కూడా మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. అడవిలో చెట్లు పలచబడి ఒకదానికొకటి దూరమైతే ఆడ చెట్టు ఉండి కూడా కాయ పట్టదు. కాయ లేకపోతే క్రొత్త మొక్క లేదు. నరికిన చెట్టు ఒక్కటే పోయిందని మనము అనుకొంటాము గాని, దానికి జతగా నిలిచిన చెట్టు కూడా ఒక విధముగా గొడ్రాలవుతుంది.

కొండపల్లికే కాదు, తెలంగాణలోని నిర్మల్ బొమ్మలకు కూడా ఆధారము ఈ పొణికియే. అక్కడి నకాషీలు చేసే మామిడి పండు, సీతాఫలము, చిలుక బొమ్మలు నిజమైనవేమోనని చెయ్యి చాపేలా ఉంటాయి. అక్కడ కూడా చింతగింజల లప్పమే. రెండు ఊళ్ళు, రెండు రాష్ట్రాలు, ఒకే చెట్టు.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక కథ కొంచెము వేరు. వారిది అంకుడు కర్ర. దానిని తరిణె మీద త్రిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకొంటుంది. మొగలి ఆకుతో మెరుగు పెడతారు. కర్ణాటకలోని చన్నపట్నము బొమ్మలది కూడా ఇదే చెట్టు. అంకుడును నరికితే మోడునుండి మరల చిగురించి కొమ్మలు వేస్తుంది. సన్నని కొమ్మయే వారి పనికి చాలు గనుక చెట్టు మొదలు నిలిచి ఉంటుంది. ఏటికొప్పాకలో 1990లలో రసాయన రంగులు మాని, ఆకులు, గింజలు, వేళ్ళనుండి తీసిన రంగులకు మరలడానికి సి.వి. రాజు గారు చాలా శ్రమపడ్డారు. 2023లో వారికి పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవములో ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటముగా వెళ్ళినవి ఆ ఏటికొప్పాక బొమ్మలే.

కొండపల్లి బొమ్మకు కూడా ఆ ఊరి పేరు మీద భౌగోళిక గుర్తింపు ఉన్నది. మరొక ఊరివారు ఆ పేరు పెట్టి అమ్మడానికి వీలు లేదు. మంచిదే. ఎంపోరియములలో అమ్ముతారు, శిక్షణలు ఇస్తారు, ప్రదర్శనలు పెడతారు. ఇటీవలి సంవత్సరాలలో పొణికి మొక్కలు నాటించే ప్రయత్నాలు కూడా మొదలయ్యాయి. నా మట్టుకు నేను, ఆ చివరి పనియే అన్నిటికన్న ముందు జరిగి ఉండవలసినదని అనుకొంటాను. దుంగకు తగినంత లావు రావడానికి ఏండ్లు పడుతుంది. ఈ రోజున పెట్టిన మొక్క ఆ ఇంటి కోడలి ఒడిలో నిద్రపోయిన పిల్లవానికి పనికి వస్తుందేమో. వాడు అప్పటికి ఏ పనిలో ఉంటాడో!

డబ్బాలో పన్నెండు గింజలు

నేను లేచి వచ్చేటప్పుడు పెద్దాయన లోపలికి వెళ్ళి ఒక పాత పౌడరు డబ్బా తెచ్చారు. ఎవరి పొలము గట్టు మీదనో మిగిలిన చెట్టు క్రింద ఏరిన గింజలట. పన్నెండు లెక్కపెట్టి నా చేతిలో పోశారు. "మీకు గుడి ఆవరణ ఉంది గదండి" అన్నారు.

2019 జూనులో ఆరు గింజలు సంచులలో పెట్టాను. ఒక్కటీ మొలవలేదు. మా ఇంటావిడ వర్షాకాలమంతా ఆ సంచులకు దండము పెట్టినట్లు నీళ్ళు పోసి, చివరకు వాటిలో బంతి నారు వేసుకొన్నది. తరువాత కరోనా వచ్చింది. ఆ రెండు సంవత్సరాలు కొండపల్లి మాట అటుంచి, ప్రక్క ఊరిలో ఉన్న విశ్వాసుల ఇండ్లకు పోవడమే కష్టమైంది. ఫోనులో అడిగితే ఆయన, అమ్మకము లేక ఇల్లంతా బొమ్మలతో నిండిపోయిందని చెప్పారు. చిత్రము, అప్పుడు మాత్రము కర్రకు కొదువ లేదట.

2021లో మిగిలిన ఆరు గింజలను బయటకు తీశాను. నాన్నగారి పనిముట్లలో నా వాటాకు వచ్చినవి ఒక చిత్రిక, ఒక ఆకురాయి. ఆ ఆకురాయితో గింజ పెంకును ఒక ప్రక్కన, లోపలి పప్పు తగలకుండా, సన్నగా అరగదీశాను. కళ్ళజోడు పెట్టుకొని ఒక్కొక్క గింజకు పావుగంట. ఒక గింజ చిట్లిపోయింది. మిగిలిన అయిదింటిని రాత్రంతా నానబెట్టి, ఇసుక ఎక్కువగా కలిపిన మట్టిలో పెట్టాను. నీరు నిలిస్తే కుళ్ళుతాయని ఆయన ముందే హెచ్చరించారు. కొండ వాలు చెట్టు గదా.

రెండు మొలిచాయి. పాతిన నెలకే ఒకదానిని మేక తిన్నది. ఆ మేక ఎవరిదో నాకు తెలుసు, వారు ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుంటారు గనుక పేరు వ్రాయను. రెండవదానికి తుమ్మకంప కట్టాము. మొదటి రెండేండ్లు ఎండాకాలము ఆకు రాల్చినప్పుడల్లా అది చచ్చిపోయిందని మా ఇంటావిడ, లేదని నేను. తొలకరికి ఆకు వేసేది. ఇప్పుడు అది నా తల దాటింది. ఆదివారపు బడి పిల్లలు దానిని గాడిద చెట్టు అంటారు. పాకలోని గాడిద ఆ కర్రదేనని నేను ఎప్పుడో చెప్పాను.

పోయిన సంవత్సరము క్రిస్మసుకు ముందు పెద్దాయనకు ఫోను చేసి చెట్టు సంగతి చెప్పాను. కాండము ఎంత లావు ఉన్నదని అడిగారు. చేతి మణికట్టంత అన్నాను. "పూత పూసిందా?" అన్నారు. ఇంకా లేదన్నాను. పూస్తే గాని అది పోతో పెంటో తెలియదట. ఏదైనా ఒక్కటి ఉంటే లాభము లేదు గనుక ఈ వానలకు ఇంకొక రెండు గింజలు పెట్టమని, గింజలు తన కుమారుడు బస్సులో తెస్తాడని చెప్పారు. కాపరిని కూడా అప్పుడే పంపిస్తానన్నారు. మా పాకలో ఇంకా ఒక కాపరి, రెండు గొర్రెలు రావలసి ఉన్నది.